నిమ్ము చేసినప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కడికి పోతాయి?

మల్కాజిగిరి ఉపాధ్యాయిని | ఆగస్టు 17, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి వయస్సు 68 సంవత్సరాలు. ఆరు రోజుల క్రితం చలిజ్వరం వచ్చి, మూడో రోజుకు నాలుగు మెట్లు కూడా ఎక్కలేనంత ఆయాసం మొదలైంది. ఎక్స్‌రే తీసి కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నిమ్ము (న్యుమోనియా) చేరిందని చెప్పి, వెంటనే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. చేరిన నాడు ప్లేట్‌లెట్లు 2,10,000 ఉన్నాయి. ఈ రోజు ఉదయం రిపోర్టులో 78,000 అని వచ్చింది. డెంగీ, మలేరియా పరీక్షలు రెండూ చేసి, రెండూ లేవన్నారు. ముక్కు నుంచి గాని, చిగుళ్ల నుంచి గాని, మూత్రంలో గాని ఎక్కడా రక్తం కనబడలేదు. ఒంటి మీద ఎర్రటి చుక్కలు కూడా లేవు. రౌండ్‌కు వచ్చిన డాక్టరు గారిని అడిగితే "అవి ఊపిరితిత్తుల్లో పని మీద ఉన్నాయమ్మా" అని ఒక్క మాట చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లారు.

మా మేనమామ మాత్రం ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిందేనని పట్టుబట్టి, బంధువుల వాట్సాప్ గ్రూపులో దాత కావాలని అప్పుడే సందేశం పెట్టేశారు. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ప్లేట్‌లెట్లు, అంటే రక్తఫలకికలు, గాయమైన చోట రక్తాన్ని గడ్డకట్టిస్తాయని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతూ వస్తున్నాను. కోత పడని, గీత పడని ఊపిరితిత్తుల్లో వాటికేమి పని? తెలిసినవారు వివరంగా చెప్పగలరని వేడుకుంటున్నాను.

రక్తనిధి సాంకేతికుడు, నారాయణగూడ | ఆగస్టు 17, రాత్రి 10.15

అమ్మా, మీ ప్రశ్నకు అసలు జవాబు వైద్యులే చెప్పాలి గాని, అంతకంటే ముందు చూసుకోవలసింది ఒకటి ఉంది. రక్తగణన కోసం ఊదా మూత ఉన్న గొట్టంలోకి రక్తం తీస్తారు. అందులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గొట్టంలోనే ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టలేదు కాబట్టి, ఒంట్లో రెండు లక్షలు ఉన్నా కాగితం మీద యాభై వేలే పడుతుంది. గాజు పలక మీద రక్తపు పూత పూసి సూక్ష్మదర్శినిలో పూత చివరి అంచును చూస్తే, ద్రాక్షగుత్తుల్లాంటి ఊదారంగు ముద్దలు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు వేరే రసాయనం ఉన్న లేతనీలి మూత గొట్టంలో మళ్లీ రక్తం తీసి లెక్కిస్తాము. పలక మీద చూశారా అని రేపు ఉదయం ల్యాబ్‌లో తప్పకుండా అడగండి.

మల్కాజిగిరి ఉపాధ్యాయిని | ఆగస్టు 18, మధ్యాహ్నం 1.05

ధన్యవాదాలండీ. అడిగాను. పలక మీద చూశారట, గుంపులు లేవట, తగ్గడం నిజమేనన్నారు. ఈ రోజు 64,000 వచ్చింది. ఆక్సిజన్ నిమిషానికి మూడు లీటర్లు పెడుతున్నారు.

ఛాతీ వైద్యుడు, ఎర్రగడ్డ ప్రాంతం | ఆగస్టు 18, రాత్రి 8.30

అమ్మా, మీ వైద్యుడు చెప్పిన ఒక్క మాటలోనే చాలా విషయం ఉంది. దాన్ని విప్పి చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఊపిరితిత్తులు గాలి పీల్చే సంచులని అనుకుంటాము గాని, రక్తం వైపు నుంచి చూస్తే అవి ఒక పెద్ద జల్లెడ. గుండె నిమిషానికి పంపే సుమారు ఐదు లీటర్ల రక్తమంతా ఊపిరితిత్తుల గుండానే పోవాలి. మరే అవయవానికీ ఇంత వాటా లేదు. వాయుగోణుల చుట్టూ అల్లుకున్న కేశనాళికలు ఎంత సన్నవంటే, న్యూట్రోఫిల్ అనే తెల్లకణం వాటి కంటే లావుగా ఉండి, నలిగి, సాగి, ఒత్తుకుంటూ దూరాల్సి వస్తుంది. అందుకే మామూలు రోజుల్లో కూడా న్యూట్రోఫిల్‌లు అక్కడ కాస్త నిలిచి నిలిచి కదులుతుంటాయి. రెండు మూడు మైక్రాన్ల ప్లేట్‌లెట్లు నాళం గోడ వెంట ఒరుసుకుంటూ పోతుంటాయి. అంటే ఈ రెండు రకాల కణాలు తరచుగా ఎదురుపడే చోటు ఊపిరితిత్తే.

ఇప్పుడు అక్కడ సూక్ష్మజీవి చేరిందనుకోండి. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, ఆయుష్షు వారం నుంచి పది రోజులే. అయినా సూక్ష్మజీవులను గుర్తుపట్టే టీఎల్ఆర్-4 వంటి గ్రాహకాలు దాని ఒంటి మీద ఉన్నాయి. బ్యాక్టీరియా పైపొర తగలగానే అది తన సంచుల్లో దాచుకున్న పీ-సెలెక్టిన్ అనే అణువును పైకి తెస్తుంది. న్యూట్రోఫిల్ మీద దానికి సరిపోయే కొక్కెం ఉంటుంది. రెండూ జత కూడతాయి. ఆ జత కూడిక వల్ల న్యూట్రోఫిల్ రెచ్చిపోతుంది, నాళం గోడను పట్టుకుంటుంది, కణజాలంలోకి చొరబడుతుంది. ప్లేట్‌లెట్ కూడా దానితోపాటు అక్కడే చిక్కుకుంటుంది. మీ నాన్నగారి లెక్కలో కనిపించకుండా పోయిన వాటిలో పెద్ద భాగం ఇలా తెల్లకణాలకు అతుక్కునో, ఊపిరితిత్తి కేశనాళికల్లో నిలిచిపోయో, పని చేసి ఖర్చయిపోయో ఉంటుంది. చేతి నరం నుంచి తీసిన రక్తంలో కనిపించేది రోడ్డు మీద తిరుగుతున్న పోలీసుల లెక్క మాత్రమే. అల్లరి జరిగిన పేటకు పోయి అక్కడే ఉండిపోయినవారు ఆ లెక్కలోకి రారు.

రక్తస్రావం లేనప్పుడు, శస్త్రచికిత్సో వెన్నులో సూదో అవసరం లేనప్పుడు, 64,000 దగ్గర ప్లేట్‌లెట్లు ఎక్కించరు. రక్తస్రావం లేని రోగికి ముందుజాగ్రత్తగా ఎక్కించడం సాధారణంగా 10,000 కంటే పడిపోయినప్పుడే ఆలోచిస్తారు. ఈ పడిపోవడానికి మందు ప్లేట్‌లెట్ల సంచి కాదు, నిమ్ముకు సరైన యాంటీబయాటిక్. అయితే సంఖ్య ఇలా వేగంగా దిగడం జబ్బు తీవ్రతకు గుర్తు కనుక, మీ వైద్యులు రోజూ చూడటం మాత్రం ఎంతో సబబు.

పరిశోధక విద్యార్థి, తార్నాక | ఆగస్టు 18, రాత్రి 11.20

డాక్టర్ గారు చెప్పినదానికి కొనసాగింపుగా, ఈ అవగాహన ఎలా ఏర్పడిందో రాస్తాను. ఉపాధ్యాయురాలు కాబట్టి మేడమ్ గారికి పనికొస్తుందనుకుంటున్నాను.

ప్లేట్‌లెట్లను 1882లో ఇటలీలోని ట్యూరిన్‌లో జూలియో బిజ్జొజేరో స్పష్టంగా వర్ణించి, రక్తం గడ్డకట్టడంలో వాటి పాత్రను చూపించాడు. ఆ మొదటి ముద్రే వందేళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. 2004లో బెర్లిన్ శాస్త్రవేత్తలు న్యూట్రోఫిల్‌లు తమ డీఎన్ఏనే పోగులుగా బయటకు విసిరి, వలలో చేపల్లా బ్యాక్టీరియాను పట్టి చంపుతాయని కనుగొన్నారు. మూడేళ్ల తర్వాత, 2007లో, కెనడాలోని కాల్గరీ బృందం ఆ వల విసరమని న్యూట్రోఫిల్‌కు సైగ చేసే కణాల్లో ప్లేట్‌లెట్ ఒకటని చూపించింది. టీఎల్ఆర్-4 ద్వారా బ్యాక్టీరియా ఉనికిని పసిగట్టిన ప్లేట్‌లెట్ వెళ్లి న్యూట్రోఫిల్‌కు అతుక్కుంటే, నిమిషాల్లో వల పడుతుంది. ఈ వలలు ఎక్కువగా పడే రెండు చోట్లు కాలేయపు సన్న నాళాలు, ఊపిరితిత్తుల కేశనాళికలు. చిక్కేమిటంటే, ఆ వలకు అంటుకున్న ఎంజైములు, హిస్టోన్లు అనే ప్రోటీన్లు బ్యాక్టీరియాను ఎలా కాలుస్తాయో నాళం లోపలి పొరను కూడా అలాగే కాలుస్తాయి.

ఇంకొకటి. మనిషి ఊపిరితిత్తుల్లో మెగాకార్యోసైట్‌లు అనే పెద్ద కణాలు కనిపిస్తాయని 1893లోనే గమనించారు. ప్లేట్‌లెట్లు వాటి నుంచి విడివడేవే. 1937లో అమెరికా శాస్త్రవేత్త విలియం హోవెల్ ప్లేట్‌లెట్లు ఊపిరితిత్తుల్లోనే తయారవుతాయని వాదించాడు. ఆ వాదన చాలాకాలం పక్కన పడి ఉండి, 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం బతికున్న ఎలుక ఊపిరితిత్తిని ప్రత్యేక సూక్ష్మదర్శినితో చూసినప్పుడు కళ్లెదుటే రుజువైంది. మెగాకార్యోసైట్‌లు ఎముక మూలుగ నుంచి రక్తంలో కొట్టుకొచ్చి, ఊపిరితిత్తి నాళాల్లో చిక్కుకుని, ప్రవాహపు ఒరిపిడికి పొడవాటి తోకలుగా సాగి తునిగి, గంటకు కోటి వరకు ప్లేట్‌లెట్లను విడుదల చేస్తున్నాయి. ప్లేట్‌లెట్ల తయారీలో సగం ఊపిరితిత్తుల్లోనే జరుగుతుందని వారు లెక్కగట్టారు. కాబట్టి ప్లేట్‌లెట్లకు ఊపిరితిత్తి యుద్ధభూమి మాత్రమే కాదు, పుట్టిల్లు కూడా.

ఛాతీ వైద్యుడు, ఎర్రగడ్డ ప్రాంతం | ఆగస్టు 19, ఉదయం 6.50

చాలా చక్కగా రాశారు. ఒక్క సవరణ: ఆ సగం అనే లెక్క ఎలుకకు చెందినది, దాన్ని అలాగే మనిషికి అంటించకూడదు. మనిషి ఊపిరితిత్తుల్లో మెగాకార్యోసైట్‌లు ఉండటం మాత్రం నిజం. కోవిడ్‌తో మరణించినవారి శవపరీక్షల్లో ఊపిరితిత్తుల్లోనూ గుండెలోనూ వాటిని అధికంగా చూశారు.

విశ్రాంత ఫార్మసిస్టు, చిక్కడపల్లి | ఆగస్టు 19, ఉదయం 10.30

నాదొక సందేహం. ప్లేట్‌లెట్లే న్యూట్రోఫిల్‌ను రెచ్చగొట్టి ఊపిరితిత్తిని పాడుచేస్తుంటే, రూపాయికి దొరికే ఆస్పిరిన్‌తో వాటి నోరు కట్టెయ్యవచ్చు కదా? ముప్పై ఐదేళ్లు గుండె రోగులకు ఆస్పిరిన్ అందించిన చేతులివి. అది ప్లేట్‌లెట్ల మీద ఎంత గట్టిగా పనిచేస్తుందో నాకు తెలుసు. నిమ్ముకు ఎందుకు ఇవ్వరు?

ఛాతీ వైద్యుడు, ఎర్రగడ్డ ప్రాంతం | ఆగస్టు 19, రాత్రి 9.10

పెద్దవారు అడిగిన ఈ ప్రశ్నను ప్రపంచమంతా చాలా సీరియస్‌గా తీసుకుంది. ఎలుకల్లో ఫలితాలు ఆశ పుట్టించేవిగానే వచ్చాయి. 2006లో ఊపిరితిత్తుల్లోకి ఆమ్లం పోసిన ఎలుకల్లో పీ-సెలెక్టిన్‌ను అడ్డుకుని ప్లేట్‌లెట్, న్యూట్రోఫిల్ జత కూడకుండా చేస్తే, ఆక్సిజన్ మార్పిడి మెరుగుపడి అవి ఎక్కువ కాలం బతికాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఏఆర్‌డీఎస్ అంటే రెండు ఊపిరితిత్తులూ వాపుతో నీరు పట్టి, ఆక్సిజన్‌ను రక్తంలోకి పంపలేని స్థితి. ఆ ముప్పు ఉన్న 390 మందిలో ఆస్పిరిన్ ప్రయోగం చేసి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఆస్పిరిన్ తీసుకున్నవారిలో 10.3 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 8.7 శాతం మందికి ఆ జబ్బు వచ్చింది. అంటే మేలు జరగలేదు. కోవిడ్ కాలంలో బ్రిటన్ కేంద్రంగా జరిగిన రికవరీ ప్రయోగంలో ఆసుపత్రిలో చేరిన సుమారు 15,000 మందిని చూశారు. ఆస్పిరిన్ ఇచ్చినా, ఇవ్వకపోయినా 28 రోజుల్లో 17 శాతం మందే మరణించారు.

ఎందుకిలా జరిగిందంటే నా అభిప్రాయం చెబుతాను. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లో థ్రాంబాక్సేన్ అనే, ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతుక్కునేలా చేసే పదార్థం తయారీని ఆపుతుంది. సూక్ష్మజీవిని గుర్తుపట్టే గ్రాహకాలను గాని, పీ-సెలెక్టిన్ కొక్కేన్ని గాని అది నేరుగా కట్టలేదు. పైగా రోగి మన దగ్గరికి వచ్చేసరికి ఆ జత కూడికలు ఎన్నో జరిగిపోయి ఉంటాయి.

కానీ అంతకంటే లోతైన కారణం మరొకటి ఉంది. ఈ చర్చలో నేను ముఖ్యంగా చెప్పదలచినది అదే. ప్లేట్‌లెట్ ఊపిరితిత్తికి శత్రువు కాదు, కాపలాదారు. న్యూట్రోఫిల్ నాళం గోడను చీల్చుకుని బయటకు పోతే అక్కడొక కంత మిగులుతుంది. ఆ కంతను అప్పటికప్పుడు పూడ్చేది ప్లేట్‌లెట్. గోడలోని కణాలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉండటానికి అవసరమైన స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్, యాంజియోపొయిటిన్-1 వంటి పదార్థాలను కూడా ప్లేట్‌లెట్లు అందిస్తాయి. 2008లో జరిగిన ఒక ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ప్లేట్‌లెట్లు దాదాపు లేకుండా చేసిన ఎలుకలకు గాయం ఏమీ చేయకుండా, కేవలం వాపు మాత్రమే కలిగించారు. చర్మం, మెదడు, ఊపిరితిత్తి, ఎక్కడ వాపు వస్తే అక్కడ రక్తం కారింది. అలాగే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాతో నిమ్ము వచ్చిన ఎలుకల్లో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవాటిలో బ్యాక్టీరియా మరింత పెరిగి, అవి త్వరగా చనిపోయాయి. కంచె వేసేదీ ప్లేట్‌లెట్టే, కంచె దాటమని న్యూట్రోఫిల్‌ను ఉసిగొలిపేదీ ప్లేట్‌లెట్టే. మొత్తానికి నోరు కట్టేస్తే కంచె కూడా పోతుంది. రెండో పనిని ఆపి మొదటి పనిని మిగల్చగల మందు ఇంకా మన చేతికి రాలేదు.

ఇప్పటికే గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవారు ఇది చదివి సొంతంగా ఆపకూడదు. ఆస్పిరిన్ పడని ఉబ్బసం రోగులు కొందరుంటారు. మాత్ర వేసుకున్న గంటలో వారికి తీవ్రమైన ఆయాసం రావచ్చు కనుక నిమ్ముకని ఎవరూ సొంతంగా మొదలుపెట్టకూడదు కూడా.

విశ్రాంత ఫార్మసిస్టు, చిక్కడపల్లి | ఆగస్టు 20, ఉదయం 7.15

నా సందేహం తీరింది, ధన్యవాదాలు. ఇక మందుల వైపు నుంచి మేడమ్ గారికి ఒక మాట. ఆసుపత్రిలో ఉన్న రోగికి ప్లేట్‌లెట్లు తగ్గితే మందుల చీటీని కూడా ఒకసారి చూడాలి. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ వాడకం వారాలు దాటితే తగ్గిస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ వల్ల కొందరిలో హఠాత్తుగా పడిపోతాయి. అలా జరిగినవారికి ఆ మందు మళ్లీ ఇవ్వకూడదు. మంచాన ఉన్నవారికి కాళ్లలో గడ్డలు కట్టకుండా పొట్ట మీద ఇచ్చే హెపారిన్ సూది మరొకటి. మీ నాన్నగారికి అది ఇస్తున్నారా?

మల్కాజిగిరి ఉపాధ్యాయిని | ఆగస్టు 20, మధ్యాహ్నం 2.40

చేరిన రోజు నుంచి ఇస్తున్నారండీ. ఈ రోజు లెక్క 91,000 వచ్చింది. జ్వరం తగ్గింది. అయినా మీ మాట చదివి భయం వేస్తోంది.

ఛాతీ వైద్యుడు, ఎర్రగడ్డ ప్రాంతం | ఆగస్టు 20, రాత్రి 8.05

భయపడకండి. హెపారిన్ వల్ల వచ్చే తగ్గుదల సాధారణంగా మందు మొదలుపెట్టిన ఐదు నుంచి పది రోజుల మధ్య మొదలవుతుంది. మీ నాన్నగారికి చేరిన మూడు రోజుల్లోనే పడిపోయి, హెపారిన్ నడుస్తుండగానే మళ్లీ పెరుగుతోంది. గత మూడు నెలల్లో ఆయన హెపారిన్ తీసుకుని ఉండకపోతే ఆ అనుమానం చాలా తక్కువ. అయినా ఈ సంగతి మీ వైద్యులకు గుర్తుచేయడంలో తప్పు లేదు.

ఆ హెపారిన్ ఇబ్బంది కూడా మన చర్చకు బయటిది కాదు. ప్లేట్‌లెట్లు విడుదల చేసే పీఎఫ్-4 అనే ప్రోటీన్ బ్యాక్టీరియా ఒంటి మీది రుణావేశానికి అతుక్కుని, దాన్ని రోగనిరోధక వ్యవస్థకు పట్టిస్తుంది. హెపారిన్ కూడా రుణావేశం గల అణువే. కొందరి శరీరం పీఎఫ్-4, హెపారిన్ జంటను చూసి సూక్ష్మజీవి అని పొరబడి ప్రతిదేహాలు తయారు చేస్తుంది. అప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గుతూనే గడ్డలు కడతాయి. 2021లో కొన్ని కోవిడ్ టీకాల తర్వాత అతి అరుదుగా కనిపించిన గడ్డల జబ్బులో కూడా ప్రతిదేహాలు ఈ పీఎఫ్-4 మీదే పుట్టాయి.

బేగంపేట వాసి | ఆగస్టు 20, రాత్రి 9.30

ఈ రోజు ఆగస్టు 20 కావడం వల్ల ఒక మాట చేర్చాలనిపించింది. 1897లో ఇదే రోజున మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మలేరియాలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయని మనందరికీ తెలిసినదే గాని, అవి పరాన్నజీవి చేరిన ఎర్రకణాలకు అతుక్కుని లోపలి పరాన్నజీవిని చంపగలవని 2009లో గాని తెలియలేదు. ఆ చంపే ఆయుధం కూడా డాక్టర్ గారు చెప్పిన పీఎఫ్-4 అని ఆ తర్వాత తేలింది.

డెంగీ కాలం కనుక అడుగుతున్నాను. డెంగీలో 20,000కు పడితే ఎక్కించాల్సిందే కదా?

రక్తనిధి సాంకేతికుడు, నారాయణగూడ | ఆగస్టు 20, రాత్రి 10.45

రక్తస్రావం లేని డెంగీ రోగుల మీద సింగపూర్, మలేషియాలలో జరిగిన ప్రయోగం 2017లో వెలువడింది. 20,000 అంతకంటే తక్కువ ఉన్న పెద్దవారికి ముందుజాగ్రత్తగా ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువయ్యాయి.

వానాకాలంలో మా కౌంటర్ ముందు అర్ధరాత్రి కూడా బంధువులు నిలబడి ఉంటారు. వారి ఆదుర్దా నాకు అర్థమవుతుంది; నా చెల్లెలికి డెంగీ వచ్చినప్పుడు నేనూ అదే వరుసలో నిలబడ్డాను. అందుకే ఆ సంచిలో ఏముంటుందో చెప్పాలనుకుంటున్నాను. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఊయలలా అటూ ఇటూ కదిలే పళ్లెం మీద ఐదు రోజుల పాటు ఉంచుతారు. ఇచ్చే ముందు సంచిని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి మెల్లగా ఒత్తుతాము. ప్లేట్‌లెట్లు ఆరోగ్యంగా, బిళ్లల్లా ఉంటే లేతపసుపు ద్రవంలో పట్టుచీర మీద జరీ మెరిసినట్టు సుడులు తిరుగుతాయి. గుండ్రంగా మారిపోయినవైతే ఆ మెరుపు ఉండదు, ద్రవం మొద్దుగా కనిపిస్తుంది. చలిలో ఉంచితే అలా గుండ్రంగా మారి, ఎక్కించిన కాసేపటికే ఒంట్లోంచి పోతాయి. వెచ్చగా ఉంచడం వల్ల బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం మిగతా రక్త పదార్థాల కంటే వీటికి ఎక్కువ. ఎక్కించిన ఆరు గంటల్లోపు ఊపిరితిత్తులు నీరు పట్టే ట్రాలీ అనే అరుదైన ప్రమాదం కూడా ఉంది. నిమ్ముతో ఇప్పటికే న్యూట్రోఫిల్‌లు రెచ్చి ఉన్న ఊపిరితిత్తికి ఆ ప్రమాదం మరింత దగ్గర. అవసరమైన చోట ప్రాణం నిలిపే సంచి అది. అవసరం లేని చోట మాత్రం వద్దని మీ మేనమామ గారికి నా మాటగా చెప్పండి.

మల్కాజిగిరి ఉపాధ్యాయిని | సెప్టెంబరు 1, సాయంత్రం 6.20

అందరికీ కృతజ్ఞతలు. మామయ్యకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. గ్రూపులో పెట్టిన సందేశాన్ని ఆయనే తీసేశారు. నాన్నగారు ఇంటికి వచ్చి ఆరు రోజులైంది. మెల్లగా వీధి చివరి వరకు నడుస్తున్నారు. నిన్న చేసిన పరీక్షలో ప్లేట్‌లెట్లు 4,90,000 వచ్చాయి. మొన్నటి దాకా తక్కువని దిగులుపడ్డాము, ఇప్పుడు ఎక్కువని రిపోర్టులో ఎర్ర గుర్తు పెట్టారు. ఇది ప్రమాదమా?

ఛాతీ వైద్యుడు, ఎర్రగడ్డ ప్రాంతం | సెప్టెంబరు 1, రాత్రి 9.00

సంతోషమమ్మా. ఇది కోలుకుంటున్న ఊపిరితిత్తి వెనుక వచ్చే అల. ప్లేట్‌లెట్ల తయారీకి ఆజ్ఞ ఇచ్చే థ్రాంబోపొయిటిన్ అనే హార్మోన్ ముఖ్యంగా కాలేయంలో తయారవుతుంది. తిరుగుతున్న ప్లేట్‌లెట్లే దాన్ని పీల్చుకుని ఖర్చు చేస్తాయి. అవి 64,000కు పడిపోయినప్పుడు ఆ హార్మోన్ ఖర్చు కాక మిగిలింది. దానికి తోడు వాపు సమయంలో పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం చేత దాన్ని ఇంకా ఎక్కువగా తయారు చేయించింది. ఎముక మూలుగకు అందిన ఆ ఆజ్ఞ ఫలితం బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. మీరు ఇప్పుడు చూస్తున్నది అదే. జ్వరం, ఛాతీనొప్పి లేకుండా ఉన్నంతవరకు దీనికి మందు అక్కర్లేదు. మూడు వారాల తర్వాత ఒకసారి రక్తగణన చేయించండి.

జ్వరం మళ్లీ వచ్చినా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల దగ్గర నొప్పి వచ్చినా ఆగకుండా వెంటనే చూపించాలి. ఊపిరితిత్తి చుట్టూ చీము చేరినప్పుడు కూడా ప్లేట్‌లెట్లు ఇలాగే పెరుగుతాయి. నెల దాటినా సంఖ్య దిగకపోయి, దగ్గు, బరువు తగ్గడం తోడైతే తెమడ పరీక్ష చేయించాలి. ఊపిరితిత్తుల క్షయలో ప్లేట్‌లెట్లు పెరగడం మేము తరచుగా చూస్తాము, చికిత్స పనిచేస్తున్నకొద్దీ అవి దిగుతాయి. నాన్నగారి వయస్సును బట్టి ఆరు వారాలకు ఎక్స్‌రే మళ్లీ తీయించి, పాత ఎక్స్‌రేతో కలిపి మీ వైద్యుడికి చూపించండి.